ముక్కు మరిచిపోయిన వాసన

మొన్న మా అక్కకి ఆపరేషన్ అయింది. తోడుగా నేను వెళ్లాను. ఆసుపత్రి తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టానో లేదో, వాసన గుప్పున కొట్టింది. ఫినాయిలు, స్పిరిట్, తడి గచ్చు, ఆవిరిలో ఉడికిన గుడ్డలు, వీటన్నిటి అడుగున ఎక్కడో పుండు వాసన. కాళ్లు అక్కడే ఆగిపోయాయి. వెనక స్ట్రెచర్ తోసుకొస్తున్న అబ్బాయి "పెద్దమ్మా, కొంచెం పక్కకి" అనేదాకా కదల్లేదు.

ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేసినదాన్ని. అంతకాలం ఈ వాసనలోనే బతికాను. కానీ మొదటి కొన్ని వారాలు తీసేస్తే, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఇది నాకు తెలియనే తెలియదు. డ్యూటీ దిగి ఇంటికెళ్తే మా అమ్మాయి దగ్గరికొచ్చి "అమ్మా, ఆసుపత్రి వాసన" అని ముక్కు మూసుకునేది. చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకునేదాన్ని. ఏమీ ఉండేది కాదు. రిటైరై ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో ముక్కు మళ్లీ కొత్తదైపోయింది.

అక్క గదిలో సంచీ పెట్టి కుర్చీలో కూర్చుని పది నిమిషాలైందో లేదో, వాసన మాయమైంది. కళ్లు మూసుకుని గట్టిగా పీల్చినా దొరకలేదు. గాలి మారలేదు, గచ్చు మారలేదు. నేనే మారాను, అదీ పది నిమిషాల్లో. ఆ రాత్రి అక్క మందుల మత్తులో నిద్రపోయింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు. గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు రాస్తున్నాను.

*

ట్రైనింగులో చేరిన రోజుల్లో అన్నీ చేత్తో చేసే పనులే. మధ్యాహ్నం వార్డు సద్దుమణిగాక మేం నలుగురం ఒక బల్ల చుట్టూ కూర్చుని గాజ్ గుడ్డ కత్తిరించేవాళ్లం. అంచుల దారాలు పుండులో పడకుండా లోపలికి మడిచి, చదరంగా పేర్చి, స్టీలు డ్రమ్ముల్లో సర్ది, ఆవిరితో క్రిముల్ని చంపే ఆటోక్లేవ్‌కి పంపేవాళ్లం. సిరంజీలు గాజువి. గొట్టానికీ లోపలి కాడకీ ఒకే నంబరు ఉండాలి. నంబరు కలవకపోతే మందు వెనక్కి కారేది. స్టెరిలైజర్‌లో నీళ్లు మరుగుతుంటే ఆ సిరంజీలు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. ఆ చప్పుడుతోనే మాకు తెల్లారేది.

సూదులు కూడా పారేసేవి కావు. సన్నటి తీగ దూర్చి శుభ్రం చేసి, మొన రాయి మీద సాన పట్టి, దూది మీద లాగి చూసేవాళ్లం. దూది పోగు పట్టుకుందంటే మొన వంకర తిరిగిందని అర్థం. అలాంటి సూదిని మళ్లీ సాన పట్టాలి. లేకపోతే అది గుచ్చుకోవడం కాదు, చీరుతుంది. ఈ పనిలో నేను చాలా శ్రద్ధగా ఉండేదాన్ని. నా సొంత చేతి మీద గుచ్చి చూసుకున్న రోజులు కూడా ఉన్నాయి.

డ్రెస్సింగ్ రూములో నా మొదటి రోజు మాత్రం పడిపోవడంతో ముగిసింది. ఒక ముసలాయన కాలి పుండు. పెద్ద సిస్టర్ కట్టు విప్పుతోంది, నేను ట్రే పట్టుకున్నాను. చివరి పొర లేచేసరికి వాసన వచ్చింది, ఆ వెంటనే రంగు కనపడింది. చెవుల్లో హోరు, కళ్లు బైర్లు కమ్మాయి. మళ్లీ తెలివి వచ్చేసరికి గచ్చు మీద పడి ఉన్నాను. ఎవరో నా కాళ్లు ఎత్తి పట్టుకున్నారు. ఆ ముసలాయన "పాప ఎట్లా ఉంది, పాపకేం కాలేదుగా" అని అడుగుతున్నాడు. పుండు ఆయనది.

పెద్ద సిస్టర్ తిట్టలేదు. మర్నాడు నన్ను పిలిచి "గుమ్మం దగ్గర నిలబడు. లోపలికి రావద్దు. చూడాలనిపిస్తే చూడు" అంది. ఆ మర్నాడు గుమ్మం దాటి గోడ పక్కన. తర్వాత రెండు రోజులు దూది అందించడం. ఆ తర్వాత ఫోర్సెప్స్. వారం తిరిగేసరికి ముసలాయన మడమ నా చేతిలో ఉంది, నేను నిలబడే ఉన్నాను. ప్రతి మెట్టు దగ్గరా ఆవిడ అడిగేది ఒక్కటే మాట: "ఊపిరి ఆడుతోందా?" ఆడుతోంది అంటేనే తర్వాతి మెట్టు.

ఆవిడ దీన్ని ఏ పుస్తకంలోనూ చదివి ఉండదు. చాలా ఏళ్ల తర్వాత నర్సింగ్ పిల్లలకి పాఠం చెప్పాల్సి వచ్చి నేను చదివాను. 1924లోనే మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ, కుందేలంటే భయపడే పీటర్ అనే చిన్న పిల్లాడి గురించి రాసింది. పిల్లాడు తనకిష్టమైనది తింటుండగా కుందేలున్న బోనును గదిలో దూరంగా పెట్టి, రోజులు గడిచేకొద్దీ కాస్త కాస్త దగ్గరికి జరుపుతూ వచ్చారు. చివరికి వాడు ఆ కుందేలును నిమిరాడు. తర్వాత 1958లో జోసెఫ్ వోల్పే అనే వైద్యుడు దీన్నే ఒక పద్ధతిగా పుస్తకంలో పెట్టాడు. భయాల్ని చిన్నదాని నుంచి పెద్దదాని దాకా మెట్లుగా రాసుకోవడం, ఒళ్లు వదులు చేసుకుంటూ ఒక్కో మెట్టూ ఎక్కడం. చదువుతుంటే పెద్ద సిస్టరే కళ్ల ముందు మెదిలింది.

ఇక్కడ ఒక్కటి మాత్రం చెప్పాలి, ఎవరికైనా ఉపయోగపడొచ్చు. రక్తం చూసి పడిపోయేవాళ్లకి "ఒళ్లు వదులు చేసుకో" అనడం తప్పు. మిగతా భయాల్లో గుండె దడదడ కొట్టుకుంటూనే ఉంటుంది. రక్తం భయంలో మాత్రం ముందు కాస్త పెరిగి, ఆ తర్వాత బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే స్వీడన్‌కు చెందిన లార్స్ గోరన్ ఓస్ట్ అనే మనస్తత్వవేత్త దీనికి ఉల్టా చెప్పాడు. చేతులు, కాళ్లు, పొట్ట గట్టిగా బిగపట్టాలి. పది పదిహేను సెకన్లు, ముఖం వెచ్చబడేదాకా. తర్వాత మామూలుగా వదిలి, అర నిమిషం ఆగి మళ్లీ. అలా ఐదుసార్లు. నా దగ్గర చదువుకున్న పిల్లలందరికీ మొదటి వారంలోనే ఇది నేర్పేదాన్ని. గచ్చు మీద పడి లేవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి.

*

మా నాన్నకి మాత్రం ఇలా మెట్లు ఎక్కించేవాళ్లు ఎవరూ లేరు. మిల్లులో మగ్గాల దగ్గర పని. నా చిన్నప్పుడు ఒకసారి ఏదో ఇవ్వడానికి లోపలికి వెళ్లాను. తలుపు తీయగానే చప్పుడు చెవుల్లోకి కాదు, ఛాతీలోకి దూరింది. ఏడుస్తూ వెనక్కి పరిగెత్తాను. నాన్న నవ్వుతూ బయటికొచ్చి "ఏం కాదమ్మా, నాలుగు రోజులుంటే అలవాటైపోతుంది" అన్నాడు.

లోపల వాళ్లు నోటితో మాట్లాడుకునేవాళ్లు కాదు. పెదాల కదలిక చూసి మాట పట్టుకునేవాళ్లు, వేళ్లతో అంకెలు చెప్పుకునేవాళ్లు. నాన్న ఇంట్లోనూ అలాగే మా మూతులు చూస్తూ వినేవాడు. నేను వెనకనుంచి పిలిస్తే పలికేవాడు కాదు. పనిలో మునిగిపోయాడు అనుకునేవాళ్లం. రేడియో గొంతు ఏటేటా పెరుగుతూ పోయింది.

"చప్పుడు అలవాటైపోయింది" అని ఆయన గర్వంగా చెప్పుకునేవాడు. నేను నర్సునయ్యాక తెలిసింది, అది అలవాటు కాదని. లోపలి చెవిలో సన్నటి వెంట్రుకల్లాంటివి ఉన్న కణాలుంటాయి. చప్పుడును అందుకుని మెదడుకు పంపేవి అవే. గట్టి చప్పుడుకు అవి ఒకసారి చచ్చిపోతే మనుషుల్లో మళ్లీ మొలవవు. 85 డెసిబెళ్ల చప్పుడులో 8 గంటలకు మించి ఉండకూడదని, ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకీ ఆ సమయం సగానికి తగ్గించుకోవాలని ఇప్పుడు పాఠాల్లో చెబుతున్నారు. అంటే 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు. మగ్గాల గదిలో పక్కమనిషి అరిచినా వినపడదు. అక్కడ షిఫ్టు మొత్తం, ఏళ్ల తరబడి.

మెదడు చప్పుడును పట్టించుకోవడం మానేయడం వేరు, చెవి చచ్చిపోవడం వేరు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండింటినీ మనిషి ఒకే మాటతో చెబుతాడు. నాన్న చివరి రోజుల్లో నేను చెవి దగ్గర నోరు పెట్టి పిలిచేదాన్ని. ఆయన నా పెదాల కోసం తల తిప్పేవాడు.

*

ఒక రాత్రి ఎమర్జెన్సీకి ఇద్దరిని తెచ్చారు. మూసిన మురుగు గుంతలోకి దిగినవాళ్లు. ఒకతను అప్పటికే పోయాడు. బతికినతను తెల్లవారుజామున మాట్లాడగలిగాడు. "దిగగానే కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది సిస్టర్. కొంచెంసేపటికి పోయింది. గాలి బాగైందనుకుని ఇంకా లోపలికి దిగాం" అన్నాడు.

అది హైడ్రోజన్ సల్ఫైడ్. కొంచెమే ఉన్నప్పుడు ఘాటుగా కొడుతుంది. పది లక్షల పాళ్ల గాలిలో నూరు పాళ్ల దాకా చేరిందంటే, కొద్ది నిమిషాల్లోనే ముక్కు దాన్ని పసిగట్టడం మానేస్తుంది. వాసన పోయిందంటే గాలి బాగుపడిందని కాదు, ఇంకా పాడైందని కావచ్చు. ఆ మనిషి మాట నేనెప్పటికీ మరిచిపోలేను. ఆ తర్వాత ఎవరైనా "ఇప్పుడేం తెలియట్లేదు, బాగానే ఉంది" అంటే నాకు లోపల ఎక్కడో కలుక్కుమనేది.

*

బర్న్స్ వార్డులో, అంటే కాలిన గాయాలవాళ్ల వార్డులో, నాలుగేళ్లు చేశాను. ఇన్నేళ్లూ ఎవరితోనూ సరిగా చెప్పుకోనిది ఆ వార్డు సంగతే.

అప్పటి పద్ధతి ఇప్పటిలా లేదు. ఇప్పుడు రోజుల తరబడి మార్చక్కర్లేని డ్రెస్సింగులు వచ్చాయి, పుండుకు అంటుకోనివి. అప్పుడు రోజూ గాజ్ గుడ్డే. రాత్రికి రాత్రి అది పుండుకు అతుక్కుని ఎండిపోయేది. పొద్దున దాన్ని తీయాలి. నొప్పి మందు ఇచ్చేవాళ్లం కానీ, పని ఒత్తిడిలో చాలాసార్లు ట్రాలీ మంచం దగ్గరికొచ్చాకే ఇచ్చేవాళ్లం. అది పనిచేయడానికి పట్టే అరగంటలో మా పని అయిపోయేది. ఇది మా తప్పే.

మొదటి నెలంతా నేను ఆ కేకలు ఇంటికి మోసుకెళ్లాను. కలలో వినపడేవి. రెండో నెలలో తగ్గాయి. ఆరు నెలలకి, ఒకరు అరుస్తుండగా నేను పక్క నర్సుతో సెలవుల సంగతి మాట్లాడగలిగాను. చేతులు వణక్కుండా, త్వరగా పని చేస్తున్నానని అందరూ మెచ్చుకున్నారు. నేనూ సంతోషపడ్డాను. రాటుదేలడం ఆ పనిలో కావాలి కూడా. వణికే చేత్తో కట్టు విప్పితే నొప్పి ఇంకా ఎక్కువ.

అప్పుడు వచ్చింది ఆ పిల్ల. ఎనిమిదేళ్లుంటాయి. వీపు, కుడి చెయ్యి కాలాయి. మా ట్రాలీకి ఒక చక్రం కిర్రుమనేది. మొదటి రోజు ఆ పిల్ల కట్టు లాగినప్పుడు ఏడ్చింది. మూడో రోజు ట్రే చూసి ఏడ్చింది. వారం నాటికి వరండా చివర చక్రం కిర్రుమంటే చాలు, ఒళ్లంతా బిగుసుకుపోయేది. ఇంకా ఎవరూ ముట్టుకోలేదు, అప్పటికే చెమటలు. ఆ ఒక్క పిల్లే కాదు, ఆ చప్పుడుకు వార్డు మొత్తం మంచాల మీద బిగుసుకునేది. నేను రోజూ చూస్తూనే ఉన్నా నా మనసుకు పట్టలేదు.

"అలవాటైపోతుంది తల్లీ" అనేదాన్ని. రోజూ అదే మాట. మా నాన్న మాట.

ఒక పొద్దున, కట్టు అయిపోయాక, ఆ పిల్ల వెక్కుతూ అడిగింది. "అందరికీ అలవాటవుతుంది అన్నారుగా సిస్టర్. మరి నాకెందుకు అవట్లేదు?"

తప్పు తనదే అన్నట్టు అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు డ్యూటీ దిగి బస్సులో కూర్చున్నాక అర్థమైంది. అలవాటైంది మాకు. ఆ నొప్పి పడుతున్న ఒక్కరికి కూడా అలవాటు కాలేదు. పన్నెండో రోజు నొప్పి మొదటి రోజు కన్నా ఎక్కువే ఉంటోంది, పైగా దానికి ముందు గంటసేపు భయం కలుస్తోంది. మేమేమో మా చెవులు మొద్దుబారడాన్ని చూసుకుని వాళ్ల నొప్పి తగ్గుతోందని అనుకుంటున్నాం.

దీనికి శాస్త్రంలో ఉన్న సంగతి చాలా తర్వాత చదివాను. ఎరిక్ కాండెల్ అనే ఆయన అప్లీసియా అనే సముద్రపు నత్త మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. 2000లో నోబెల్ బహుమతి తీసుకున్నవాళ్లలో ఒకడు. ఆ జీవి నీళ్లు బయటికి వదిలే గొట్టాన్ని మెత్తగా తాకితే మొప్పను లోపలికి ముడుచుకుంటుంది. మళ్లీ మళ్లీ తాకుతూ పోతే ముడుచుకోవడం తగ్గిపోతుంది. హాని లేదని దానికి తెలిసిపోయినట్టు. కానీ దాని తోక మీద ఒక్కసారి గట్టి దెబ్బ పడిందంటే, అదే మెత్తటి తాకుడుకు ముందుకన్నా గట్టిగా ముడుచుకుంటుంది. హాని చేయని దానికి ఒళ్లు అలవాటు పడుతుంది, హాని చేసేదానికి ఇంకా మేలుకుంటుంది. అంత చిన్న జీవికే ఇది తెలుసు. నొప్పిని పదేపదే పెడుతూ అలవాటైపోతుందని ఒక పిల్లకి చెప్పానే అని ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

బస్సు దిగి మర్నాడు వెళ్లగానే నేను చేసిన మొదటి పని చక్రానికి నూనె వేయడం. చప్పుడు లేకపోతే భయం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు, పెరిగింది. ఎప్పుడొస్తామో తెలియక ఆ పిల్ల పొద్దున లేచిన దగ్గర్నుంచీ తలుపు వైపే చూస్తూ కూర్చుంది. అప్పుడు పక్కన కూర్చుని అడిగాను, "ఎలా చేస్తే నీకు నయం?" అని. ముందే చెప్పమంది. సరే, తొమ్మిదింటికి అని చెప్పాం, తొమ్మిదింటికే వెళ్లాం, అంతకు ముందు ట్రాలీ ఆ మంచం వైపు పోనిచ్చేవాళ్లం కాదు. నొప్పి మందు ఎనిమిదిన్నరకే. కట్టు మీద సెలైన్ పోసి నానబెట్టి, ఎడమ చేత్తో తానే కొస పట్టుకుని నెమ్మదిగా తీసుకోనిచ్చాం. వీపు మీది కట్టుకు మాత్రం "ఆపు" అంటే నేను ఆపాలి, "ఊ" అంటేనే కదపాలి. పావుగంట పని ముప్పావు గంట పట్టేది. పక్క మంచాలు ఆలస్యమవుతున్నాయని మాటలు పడ్డాను. పడ్డా మానలేదు.

ఏడుపు పూర్తిగా ఆగిందని చెప్పను. కానీ ట్రాలీని చూసి బిగుసుకోవడం ఆగింది. వెళ్లిపోయే రోజు ఆ పిల్ల ట్రాలీ హ్యాండిల్ పట్టుకుని వార్డు చివరిదాకా తోసింది.

*

తర్వాత ఐసీయూలో వేశారు. అక్కడ అన్నీ చప్పుళ్లే. మొదటి వారం ప్రతి బీప్‌కీ పరుగెత్తాను. తొంభై శాతం ఉత్తవే. వేలికి పెట్టిన క్లిప్పు జారడం, ఛాతీ మీద స్టిక్కర్ ఊడటం, మనిషి పక్కకి తిరగడం. నెల తిరిగేసరికి ఆ మోతలోనే కూర్చుని కేస్ షీట్లు రాసుకునేదాన్ని. కొత్తగా వచ్చిన బంధువులు "సిస్టర్, మోగుతోంది" అని కంగారుగా వచ్చేవాళ్లు. "ఏం కాదు, కూర్చోండి" అనేదాన్ని.

ఒక రాత్రి నిజంగానే మోగింది. ఆక్సిజన్ పడిపోతోంది. క్లిప్పు జారిందనుకున్నాను. రోగి కూతురు వచ్చి నా చెయ్యి పట్టుకుని లాగింది, అప్పుడు లేచాను. మనిషి దక్కాడు. ఆ అమ్మాయి లాగకపోతే ఏమయ్యేదో అనే ఆలోచన నన్ను చాలా రాత్రులు లేపింది.

2013లో అమెరికాలో ఆసుపత్రుల ప్రమాణాలు చూసే జాయింట్ కమిషన్ దీని గురించే హెచ్చరిక ఇచ్చింది. మూడున్నరేళ్లలో తమ దృష్టికి వచ్చిన అలారం సంబంధిత ప్రమాదాలు 98, వాటిలో 80 మంది చనిపోయారని. మోగేవాటిలో 85 నుంచి 99 శాతం అలారాలకి నర్సు చేయాల్సిందేమీ ఉండదని కూడా అందులోనే రాశారు. అది చదివాక నా మీద నాకున్న కోపం కొంచెం తగ్గింది. నూటికి తొంభైసార్లు అబద్ధం చెప్పే గంటను ఏ చెవీ కలకాలం నమ్మదు. ఆ తర్వాత మా ఐసీయూలో రోజూ స్టిక్కర్లు మార్చడం, అలారం హద్దుల్ని ఏ రోగికి తగ్గట్టు ఆ రోగికి పెట్టడం మొదలుపెట్టాం. మోత సగానికి తగ్గింది. మోగినప్పుడు మళ్లీ తలలు లేచాయి.

*

నా చేతుల్లో మొదట పోయినాయన కోసం గుడ్డల గదిలో తలుపేసుకుని ఏడ్చాను. ఆయన పేరు ఇప్పటికీ గుర్తుంది. పదో మనిషి పేరు గుర్తులేదు. ఎప్పుడు లెక్క మానేశానో కూడా గుర్తులేదు. కళ్లు మూయడం, గొట్టాలు తీయడం, టైము రాయడం, బయట నిలబడ్డవాళ్లకి చెప్పడం. చెప్పేటప్పుడు గొంతు మెత్తగా పెట్టడం కూడా చేతికొచ్చిన పనుల్లో ఒకటైపోయింది.

ఇంట్లో మా అమ్మాయి ఒకసారి మెట్ల మీద నుంచి పడి గడ్డం చీల్చుకుంది. చొక్కా అంతా రక్తం. నేను కూర్చోబెట్టి, దూదితో అద్ది, చూసి, "రెండు కుట్లు పడతాయి, అంతే" అన్నాను. నాకది ధైర్యం చెప్పడమే. పెద్దయ్యాక ఒకరోజు అంది: "నాకు కుట్లు గుర్తులేవమ్మా. నువ్వు కంగారు పడలేదు, అది గుర్తుంది. నేనంటే నీకు పట్టదేమో అనుకున్నాను."

దానికి చెప్పుకోవడానికి నాకు ఒకటే దొరికింది. 2007లో తైవాన్‌లో ఆక్యుపంక్చర్ చేసే వైద్యులకీ మామూలు మనుషులకీ, ఒంట్లో సూదులు గుచ్చుతున్న దృశ్యాలు చూపించి మెదడును స్కాన్ చేశారు. మామూలు వాళ్లలో, నొప్పి మనకే కలిగినప్పుడు మేలుకునే భాగాలు మేలుకున్నాయి. వైద్యుల్లో అవి అంతగా కదల్లేదు. కానీ భావాల్ని అదుపులో పెట్టే భాగాలు పనిచేశాయి. అంటే అక్కడ ఖాళీ లేదు, ఒక చెయ్యి అడ్డం ఉంది. మా అమ్మాయికి ఇది చెప్పాను. కాసేపు ఆగి, "ఆ చెయ్యి ఇంటికొచ్చాక తీసేయాల్సిందమ్మా" అంది. నిజమే. ఎలా తీయాలో మాకెవరూ నేర్పలేదు. యూనిఫాం విప్పినంత తేలిక కాదది.

*

అక్క దగ్గర నాలుగు రోజులున్నాను. ప్రతి పొద్దునా కాసేపు బయట చెట్ల కింద తిరిగి వచ్చేదాన్ని, మళ్లీ తలుపు తోసినప్పుడు వాసన తగలాలని. రెండో రోజు బాగానే తగిలింది. మూడో రోజు పల్చగా. నాలుగో రోజు తలుపు దగ్గరే నిలబడి వెతుక్కున్నాను. లేదు.

పైకి వెళ్లేసరికి డ్రెస్సింగ్‌కి అమ్మాయి వచ్చి ఉంది. చిన్నది, ఇరవై రెండేళ్లుంటాయేమో. చేతులు చురుగ్గా, శుభ్రంగా ఉన్నాయి. అక్క పొట్ట మీది ప్లాస్టర్ కొస గోటితో లేపింది. అక్క నా వేళ్లు పట్టుకుని పళ్లు బిగించింది.

"రోజూ చేసేదే కదా పెద్దమ్మా, అలవాటైపోతుంది" అంది ఆ అమ్మాయి, ప్రేమగానే.

"కొంచెం తడుపుదామా అమ్మా?" అన్నాను.

నా వైపు చూసింది. ఏమనుకుందో తెలియదు. ట్రేలో ఉన్న సెలైన్ సీసా తీసి, మూత తిప్పి, ప్లాస్టర్ అంచు పొడవునా నెమ్మదిగా పోసింది. ముగ్గురం ఏమీ మాట్లాడకుండా అది నానేదాకా ఆగాం. నా వేళ్ల మీద అక్క పట్టు వదులైంది.